కుండీలో తోడు, జాడీలో కొలత

అనుభవవాది: ఒక పంటకు మేలు చేస్తుందని దాని పక్కన పెంచే మరో మొక్కను తోడు మొక్క అంటారు. మిద్దెతోటలవాళ్లు, పెరటితోటలవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సలహాల్లో పెద్ద భాగం దీని గురించే. టమాటా పక్కన బంతి, వంగ మడిలో కొత్తిమీర, మిరప కుండీల మధ్య ఉల్లి, గులాబీ మొదట్లో వెల్లుల్లి. ఇది నిన్నమొన్న పుట్టిన సరదా కాదు. తెలుగు నేలల మెట్ట సేద్యం ఒంటి పంటను ఎప్పుడూ పూర్తిగా నమ్ముకోలేదు. జొన్నలో కంది వేస్తారు. కంది మొదట్లో మందకొడిగా పెరుగుతుంది. ఈలోగా జొన్న ఎదిగి కోతకొస్తుంది. జొన్న పోయాక ఆ వెలుతురూ ఆ జాగా కందికి దక్కుతాయి. మిరప చేను చుట్టూ జొన్ననో మొక్కజొన్ననో దట్టంగా వేస్తే గాలివాటున వచ్చే తెల్లదోమకూ పేనుబంకకూ అడ్డుగోడ అవుతుంది. గట్ల మీద ఆముదం ఉంటే పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు ముందు ఆ వెడల్పాటి ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, ఆ ఆకులు తుంచి నాశనం చేస్తే సరిపోతుంది. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఒకే చెలకలో పదికి పైగా రకాలు కలిపి వేస్తారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. మిద్దె మీద కుండీల మధ్య జరిగేది ఈ తెలివి కొనసాగింపే.

ప్రమాణవాది: చేనులోని తెలివిని ఎవరూ కాదనరు. అయితే ఆ తెలివికి ఒక కొలత ఉంది. మిద్దె మెట్లెక్కేటప్పుడు సలహా పైకి వచ్చింది, కొలత కిందే ఉండిపోయింది. బంతినే చూడొచ్చు. బంతి వేళ్లలో ఆల్ఫా టెర్థైనిల్ అనే పదార్థం ఉంటుంది, అది వేరుబుడిపె నులిపురుగులను అణచివేస్తుంది. ఇది నిజమే, పరీక్షల్లో తేలిన విషయమే. కానీ పరీక్షల్లో బంతిని టమాటా పక్కన ఒక్క మొక్కగా పెట్టలేదు. టమాటా నాటడానికి ముందు, అదే మడిలో, కనీసం 2 నెలలు, జానెడు ఎడం కూడా లేకుండా బంతిని దట్టంగా పెంచారు. తర్వాత దాన్ని మట్టిలో కలిపి ఆ చోట కూరగాయ నాటారు. అప్పుడు కూడా బంతి రకాన్ని బట్టీ, ఆ నేలలో ఉన్న నులిపురుగు జాతిని బట్టీ ఫలితం మారింది. పక్కపక్కనే పెంచినప్పుడు మేలు చాలా తక్కువ, కొన్నిసార్లు సున్నా. పైగా మిద్దె కుండీలో ఉండేది కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, కాస్త ఎర్రమట్టి. ఎర్రమట్టితోపాటు నులిపురుగులు వస్తే తప్ప అక్కడ అణచడానికి అవి ఉండనే ఉండవు. లేని రోగానికి మందు వేసి తగ్గిందని సంతోషించినట్టవుతుంది.

అనుభవవాది: బంతికి మరో పని కూడా ఉంది. అది కాయతొలుచు పురుగుకు ఎర. ఈ సంగతి చెప్పింది ఏ మిద్దెతోట ఔత్సాహికులో కాదు, బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు ఇది.

ప్రమాణవాది: ఆ సిఫారసులో ఉన్న కొలతను పూర్తిగా చెప్పుకోవాలి. 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి. నాటే రోజుకు టమాటా నారు వయసు 25 రోజులు, బంతి నారు వయసు 40 రోజులు. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. టమాటా పూతకు వచ్చే వేళకు బంతి కూడా మొగ్గ తొడిగి ఉండాలి, లేకపోతే తల్లి పురుగు బంతి వైపు చూడదు. బంతి మొగ్గల మీద చేరిన గుడ్లనూ పిల్ల పురుగులనూ ఏరేయడమో, మందు కొట్టడమో చేయాలి. అది చేయకపోతే ఎర పంట పురుగుకు పెంపకశాల అవుతుంది. ఇప్పుడు ఇదే సలహా కుండీల్లోకి వచ్చేసరికి నాలుగు టమాటాలు, వాటి మధ్య నర్సరీ నుంచి తెచ్చిన పూసిన బంతి ఒకటి. ఎర అనేది పురుగును రప్పించేది. రెక్కల పురుగు రాత్రిపూట చాలా దూరం ఎగరగలదు. అడుగు దూరంలో ఉన్న టమాటాను వదిలేసి బంతి దగ్గరే అది ఆగిపోతుందని ఏ పరీక్షా చెప్పలేదు. ఎకరంలో పనిచేసిన దాన్ని పది అడుగుల్లోకి కుదిస్తే అది అదే ఉపాయం కాదు, పేరు మాత్రమే అది.

అనుభవవాది: కారణం తప్పైనంత మాత్రాన ఫలితం తప్పు కానక్కర్లేదు. మిద్దె మీద పూలు పెరిగాక దోస, కాకర, గుమ్మడి బాగా కాశాయని చెప్పేవాళ్లు ఊరూరా ఉన్నారు. అవి తేనెటీగ రానిదే కాయని పాదులు. అయిదో అంతస్తుకు తేనెటీగ రావాలంటే దానికో కారణం కావాలి, ఆ కారణం పూలే. అలాగే కొత్తిమీర. ఆకుకు పనికిరాదని పీకేయకుండా రెండు మొక్కలు పూతకు వదిలేస్తే గొడుగులాంటి ఆ చిన్న చిన్న తెల్లపూల గుత్తుల మీదికి సిర్ఫిడ్ ఈగలూ, గింజంత కందిరీగలూ, అక్షింతల పురుగులూ చేరతాయి. ఆ పూలలో తేనె లోతుగా ఉండదు. పొట్టి నోరున్న కీటకాలకు కూడా అందుతుంది. ఆ కీటకాల్లో సిర్ఫిడ్ ఈగ పిల్లలూ అక్షింతల పురుగులూ పేనుబంకను తింటాయి. కందిరీగలు పురుగుల గుడ్లలోనూ ఒంట్లోనూ తమ గుడ్లు పెడతాయి. వంగ పక్కన కొత్తిమీర వేయమనే మాట వెనక ఉన్న అసలు సంగతి ఇది. చెప్పిన మనిషికి కందిరీగ కథ తెలియకపోవచ్చు, కానీ చెప్పిన మాట సరైనదే.

ప్రమాణవాది: కొత్తిమీర పూత విషయంలో ఆ మాట పూర్తిగా ఒప్పుకోవాల్సిందే. కాకపోతే అక్కడ కూడా చిన్న షరతు మాయమైంది. మేలు చేసేది పూసిన కొత్తిమీర. వంటకు కోసుకునే లేత కొత్తిమీర వంగ పక్కన ఉన్నా, వీధి చివర ఉన్నా కందిరీగకు ఒకటే. సలహా విన్నవాళ్లలో ఎక్కువమంది పెంచేదేమో లేత కొత్తిమీర. తేనెటీగల సంగతీ అంతే. దోస, గుమ్మడి పూలు పొద్దున విచ్చుకుంటాయి కాబట్టి వాటికి పగటి తేనెటీగ పనికొస్తుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వాటికి పిందె నిలవకపోతే ఎన్ని బంతులు పెట్టినా లాభం తక్కువ. సంధ్యవేళ మగపువ్వు కోసి ఆడపువ్వుకు చేత్తో అద్దడమే నమ్మకమైన దారి. టమాటాకు తేనెటీగతో అసలు పనే లేదు. దాని పువ్వు దానికదే ఫలదీకరణం చెందుతుంది, గాలి ఊపినా చాలు, తుమ్మెద వచ్చి ఝుమ్మని అదిలిస్తే మరీ మంచిది. పూలు పెంచండి అనే మాట మంచిదే. ఫలానా దాని పక్కన ఫలానాది పెంచండి అనేదే ఇంకా రుజువు కాలేదు.

అనుభవవాది: రకరకాల మొక్కలు కలిసి ఉన్న చోట పురుగు తగ్గుతుందన్నది కూడా రుజువు కాలేదంటే మాత్రం ఒప్పుకోవడం కష్టం. ఇంగ్లండ్‌లోని వెల్స్‌బోర్న్‌లో ఫించ్, కోలియర్ అనే కీటక శాస్త్రవేత్తలు క్యాబేజీ వేరు ఈగ మీద ఏళ్లతరబడి పని చేసి 2000లో ఒక వివరణ ఇచ్చారు. ఈగ వాసన పట్టుకుని చేను దాకా వస్తుంది. ఆపైన కంటికి ఆకుపచ్చగా కనిపించిన దాని మీద వాలుతుంది. వాలిన ఆకు క్యాబేజీదైతే కాళ్లతో రుచి చూసి మళ్లీ ఎగిరి మళ్లీ వాలి, అలా వరుసగా కొన్నిసార్లు సరైన ఆకే తగిలితే గుడ్డు పెడుతుంది. మధ్యలో వేరే ఆకు తగిలితే లెక్క మొదటికొస్తుంది. చుట్టూ వేరే పచ్చదనం ఉన్నకొద్దీ అది విసిగి వెళ్లిపోతుంది. పెరట్లో అన్నీ కలగలిపి పెంచే అలవాటుకు ఇంతకన్నా మంచి సమర్థన ఏం కావాలి?

ప్రమాణవాది: ఆ పరిశోధనలో రెండో సగం కూడా ఉంది, అది సువాసన మొక్కల వాదానికి గొడ్డలిపెట్టు. అదే బృందం ఘాటైన వాసనున్న మొక్కలనూ వాసన లేని మొక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. ఘాటు మొక్కలు అదనంగా చేసిందేమీ లేదు. ఆకు ఆకారంలో కత్తిరించిన ఆకుపచ్చ కాగితం కూడా దాదాపు మొక్కంత బాగా పనిచేసింది. అంటే ఈగను తికమకపెట్టింది పచ్చదనం. పుదీనా వాసనకు పురుగు పారిపోతుంది, వెల్లుల్లి ఘాటుకు పేను దరిచేరదు అనే మాటలకు ఇందులో ఆధారం దొరకదు. కలిపి పెంచమనే సలహాకు మాత్రం దొరుకుతుంది. ఏది పక్కన ఏది అనే జాబితాలు మరి ఎక్కడి నుంచి వచ్చాయి? రుడాల్ఫ్ స్టైనర్ 1924లో చేసిన వ్యవసాయ ప్రసంగాల నుంచి పుట్టిన బయోడైనమిక్ ఉద్యమంలో ఎహ్రెన్‌ఫ్రీడ్ ఫైఫర్ అనే ఆయన మొక్కల రసాన్ని రాగి క్లోరైడ్ ద్రావణంలో కలిపి, అది ఆరాక ఏర్పడే స్ఫటికాల ఆకారం చూసి, ఏ మొక్కకు ఏది పడుతుందో తేల్చేవారు. ఆ ఫలితాలు 1966లో ఫిల్‌బ్రిక్, గ్రెగ్ రాసిన పుస్తకంలోకి, అక్కడి నుంచి 1975లో లూయిస్ రియోట్ రాసిన బాగా అమ్ముడుపోయిన తోటల పుస్తకంలోకి, ఆపై ప్రపంచం మీది ప్రతి తోట జాబితాలోకి పాకాయి. చేనులో వేసి చూడని జతలు వాటిలో ఎన్నో. అవి చలిదేశాల పంటలు కూడా. గోంగూరకు, దొండకు, బచ్చలికి జత ఏదో ఆ జాబితాల్లో ఉండదు. క్యారట్‌కు టమాటా అంటే ఇష్టమని మాత్రం తెలుగు మిద్దెతోటలవాళ్లందరికీ తెలుసు.

అనుభవవాది: ఆ దిగుమతి జాబితాలను సమర్థించాల్సిన పని ఈ పక్షానికి లేదు. అవి పోయినా పోయేదేమీ లేదు. ఇక్కడి పెరళ్లకు ఇక్కడి అమరిక ఉంది. నీళ్లతొట్టి దగ్గర అరటి, పుదీనా. కంపకంచె మీదికి చిక్కుడు, దొండ. తలుపుకు దగ్గరగా కరివేపాకు. వంటింటి నీళ్లు పారే చోట చామ, బచ్చలి. ఎవరు దేనికి మిత్రులని కాకుండా, ఎవరికి ఎంత నీళ్లు కావాలి, ఎవరికి ఎంత ఎండ కావాలి అన్నదాన్ని బట్టి అది ఏర్పడింది.

ప్రమాణవాది: ఆ అమరికలో నీటి లెక్క బాగుంది. పురుగుల లెక్కలో మాత్రం పెద్ద పొరపాటే ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా ఇళ్లలో కరివేపాకు పక్కనే నిమ్మ ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. నిమ్మ సీతాకోకచిలుక గొంగళ్లు పక్షి రెట్టలా కనిపిస్తూ మొదలై ఆకుపచ్చగా మారి రెండింటి లేత ఆకులనూ కొరికేస్తాయి. అంతకన్నా ముఖ్యం సిట్రస్ సిల్లిడ్ అనే పేనులాంటి పురుగు. నిమ్మ, బత్తాయిల్లో మొక్కనే చంపే గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చేది అదే. కరివేపాకు లేత చిగుళ్ల మీద అది హాయిగా పెరుగుతుంది. తెగులు కరివేపాకుకు రాదు, తెగులు మోసేది మాత్రం అక్కడ పెరిగి పక్కనున్న నిమ్మ మీదికి దూకుతుంది. గోంగూర, బెండ, మందార మూడూ ఒక కుటుంబం; పిండినల్లి ఒకదాని మీద కనిపించిన వారంలో మిగతా రెంటి మీదా కనిపిస్తుంది. టమాటా, వంగ, మిరప మరో కుటుంబం; ఒక దాన్ని ఎండబెట్టిన వడలు తెగులు మట్టిలో మిగిలి, అదే మట్టిలో వేసిన రెండోదాన్నీ తీసుకుపోతుంది. మిత్రుల జాబితాకన్నా బంధువుల జాబితా ఎక్కువ పనికొస్తుంది. ఒకే కుటుంబం మొక్కలను విడదీయడం, పాత టమాటా మట్టిలో వంగ వేయకపోవడం. ఈ రెండూ ఎవరూ ఎవరికీ చెప్పరు, ఎందుకంటే అందులో ముచ్చట లేదు.

అనుభవవాది: విడదీయమనడం తేలిక. పాత పెరట్లో కరివేపాకుకూ నిమ్మకూ మధ్య నలభై అడుగులుండేవి. ఇప్పటి మిద్దె మొత్తం కలిపినా అంత ఉండదు. కుండీల్లో ఎవరిని ఎటు జరిపినా అందరూ పొరుగువాళ్లే. ఆ ఇరుకులో మనిషి చేయగలిగింది దూరం పెట్టడం కాదు, రోజూ చూడటం. తోడు మొక్కల సలహా నిజంగా చేసే మేలు బహుశా అదే. బంతి బాగుందా అని పొద్దున్నే వెళ్లినవాళ్లకు టమాటా ఆకు వెనక పేనుబంక కనిపిస్తుంది. మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అన్న తేడా ఇలా రోజూ చూసేవాళ్లకే తెలుస్తుంది. 2021లో కొత్తరకం తామరపురుగు మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు పూలు రాలడం చూసి ముందుగా గోలపెట్టింది కూడా చేలో తిరిగినవాళ్లే.

ప్రమాణవాది: రోజూ చూడటం మేలు చేస్తే ఆ మేలును బంతి ఖాతాలో రాయడం అన్యాయం. సరే, దాన్ని పక్కనపెడితే, కుండీల మధ్య నిజంగా కొలవదగిన తోడు ఒకటుంది, దాన్ని ఈ పక్షం మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంది. అది నీడ. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె గచ్చు పగలంతా కాలి రాత్రి కూడా సెగ వదులుతుంది. ఆ వేడికి కొత్తిమీర నాలుగాకులు వేయకముందే కాడ సాగి పూతకెళ్తుంది, పాలకూర చేదెక్కుతుంది. బీరో చిక్కుడో పందిరికి పాకించి, ఆ పందిరి కింద తూర్పు ఎండ మాత్రమే తగిలేలా కొత్తిమీర తొట్టి పెడితే ఎన్నో రోజులు కోతకొస్తుంది. విత్తే ముందు ధనియాలను చెప్పుతోనో చపాతీ కర్రతోనో నలిపి రెండుగా విడదీయాలనే పాత సలహా కూడా సరైనదే, ఒక ధనియం కాయలో రెండు విత్తనాలుంటాయి. పుదీనా విషయంలో మాత్రం తోడు మాటే వద్దు. దాని తీగవేళ్లు మట్టి కింద పాకి కుండీ మొత్తాన్ని ఆక్రమిస్తాయి. దానికి వేరే కుండీ ఇవ్వడమే మిగతావాటికి చేసే ఉపకారం.

అనుభవవాది: నీడతోపాటు పప్పుజాతి మొక్కల సంగతి కూడా ఒప్పుకోవాలి. చిక్కుడు, బొబ్బర వేళ్ల బుడిపెల్లో గాలి నుంచి నత్రజనిని పట్టే సూక్ష్మజీవులున్నాయి. ఆకుకూర పక్కన బొబ్బర వేస్తే ఎరువు కలిసొస్తుంది.

ప్రమాణవాది: కలిసొస్తుంది, కానీ అప్పుడే కాదు. ఆ నత్రజనిలో ఎక్కువ భాగం బొబ్బరే వాడుకుంటుంది, చివరికి గింజలోకి పంపుతుంది. పక్కనున్న ఆకుకూరకు ఆ సీజనులో చేరేది కొద్దిగా మాత్రమే. బొబ్బర వేళ్లూ తీగలూ అదే మట్టిలో కుళ్లాక వేసిన తర్వాతి పంటకు దాని ఫలం దక్కుతుంది. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు నవధాన్యాలు చల్లి అసలు పంటకు ముందే కలియదున్నడం వెనక ఉన్నది ఈ వరసే. జత కన్నా వరస ముఖ్యం.

అనుభవవాది: తోట ఎందుకు పెంచుతారో ఒకసారి చూస్తే ఈ కొలతల పట్టుదల కాస్త సడలుతుంది. టమాటా, మిరప, కొత్తిమీర, పుదీనా, గోంగూర, కరివేపాకు ఒకే మిద్దె మీద ఎందుకు చేరాయంటే అవన్నీ ఒకే రోట్లో చేరతాయి గనక. ఆ రోట్లో నూరేది పచ్చడి. తెలంగాణలో తొక్కు. గోంగూరలో పండుమిరపకాయ, టమాటాలో కొత్తిమీర, పుదీనాలో చింతపండు. తోటలో తోడు ఏదని అడిగితే రోట్లో తోడు ఏదో అదే అని చెప్పవచ్చు. ఈ పచ్చళ్ల కొలతలు ఏ ప్రయోగశాలా చెప్పలేదు, ఒకరి నుంచి ఒకరికి నోటిమాటగా వచ్చాయి. అవి తప్పైతే ఇన్ని తరాలు నిలిచేవి కావు.

ప్రమాణవాది: పచ్చడి దగ్గరకు వచ్చేసరికి సంగతి మారుతుంది. బంతి సలహా తప్పైతే పోయేది ఒక టమాటా మొక్క. నిల్వ పచ్చడి సలహా తప్పైతే పోయేది మనిషి ఆరోగ్యం. నిల్వను కాపాడేవి మూడే: పులుపు, ఉప్పు, తేమ లేకపోవడం. ఆమ్లతను కొలిచే పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉన్న చోట, అంటే తగినంత పులుపున్న చోట, బొటులిజం కలిగించే సూక్ష్మజీవి విషం తయారు చేయలేదు. ఉప్పు పదో వంతు దాటినా దాని ఆట సాగదు. మామిడికాయ ఎంతో పులుపు, ఆవకాయకు అది రక్ష. గోంగూర పులుపే. టమాటా మాత్రం ఆ గీతకు అటూ ఇటూ ఊగుతుంది: పీహెచ్ 4.3 నుంచి 4.9 దాకా, రకాన్ని బట్టీ పండిన తీరును బట్టీ. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ టమాటాలను సీసాల్లో నిల్వ చేసేవాళ్లకు దాదాపు లీటరుకు 2 పెద్ద చెంచాల నిమ్మరసం కలపమని చెబుతుంది, అది కూడా ఇంట్లో పిండింది వద్దు, సీసాది వాడమంటుంది, ఎందుకంటే చెట్టు చెట్టుకూ నిమ్మ పులుపు మారుతుంది. పండుమిరపకాయకు పులుపు తక్కువ, కొరివికారంలో పడే చింతపండే దాన్ని కాపాడుతుంది. వెల్లుల్లికి పులుపు అసలే లేదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంటులో నూనెలో నిల్వ చేసిన తరిగిన వెల్లుల్లి తిని 36 మంది బొటులిజం బారిన పడ్డారు. నూనె గాలిని ఆపుతుంది, ఆ సూక్ష్మజీవికి కావలసింది గాలి లేని చోటే.

అనుభవవాది: ఈ లెక్కలన్నీ నోటిమాటలో ముందే ఉన్నాయి. టమాటా నిల్వ పచ్చడి చేసే ఏ ఇల్లాలూ పచ్చి ముక్కల్ని నూనెలో వేయదు. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి ఊరబెట్టి, ఊరిన ముక్కలను ఎండలో పెట్టి, వచ్చిన రసంలో చింతపండు నానేసి, చివరికి రెండూ కలిపి రుబ్బుతుంది. ఉప్పు, ఎండ, పులుపు. ఇందాక చెప్పిన మూడూ అవే. ఆవకాయకు ముక్క తడి లేకుండా గుడ్డతో తుడవడం, జాడీని ఎండలో పెట్టడం, తడి గరిటె తగలనివ్వకపోవడం, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసి చాలకపోతే వేయడం, పైన నూనె తేలేలా చూడటం, ఇవన్నీ వేల ఇళ్లలో వేల వేసవుల్లో జరిగిన పరీక్షల ఫలితాలు. ఆవపిండిని వేయించకుండా పచ్చిదే ఎందుకు వేస్తారో కూడా ఇప్పుడు తెలుసు. తేమ తగలగానే పచ్చి ఆవపిండిలో పుట్టే ఘాటు బూజును అడ్డుకుంటుంది. వేయిస్తే ఆ ఘాటును పుట్టించే ఎంజైము చచ్చిపోతుంది. శాస్త్రం కారణం చెప్పకముందే వంటిల్లు పని చేసింది. పచ్చడిలో నోటిమాటను నమ్మి, మడిలో నమ్మకపోవడం ఏం న్యాయం?

ప్రమాణవాది: ఈ ప్రశ్న గట్టిది, తప్పించుకోవడం కుదరదు. జవాబు కూడా అందులోనే ఉంది. ఆవకాయ నోటిమాటలో కొలత ఉంది. ఇన్ని సోలల ముక్కలకు ఇంత కారం, ఇంత ఆవపిండి, ఇంత ఉప్పు. ఉప్పు సమానమా, కాస్త తక్కువా అని ఇంటింటికీ వాదన ఉన్నా, ఆ వాదన కొలత గురించే. టమాటా పక్కన బంతి అన్నప్పుడు ఎన్నింటికి ఎన్ని, ఏ వయసువి, ఎన్ని నెలలు అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. రెండూ నోటిమాటలే. ఒకటి కొలతతో వచ్చింది, ఒకటి కొలత పోగొట్టుకుని వచ్చింది. ఇప్పుడు పచ్చడి మాట కూడా ఆ దారే పడుతోంది. రక్తపోటు ఉందని సగం ఉప్పు వేయమంటారు. ఎండ దొరకదని టమాటాను మూకుట్లో మగ్గించి నూనె పోసి నెలలు ఉంచమంటారు. రుచి కోసం వెల్లుల్లి రెట్టింపు చేయమంటారు. పులుపు పడదని కొరివికారంలో చింతపండు తగ్గిస్తారు. ఇవి ఒక్కొక్కటీ విడిగా వింటే చిన్న మార్పులు, అన్నీ ఒకే సీసాలో చేరితే అది పాత పచ్చడి కాదు. పాత పచ్చడి సంపాదించిన నమ్మకం మాత్రం దాని మీద చీటీలా అంటుకుని ఉంటుంది.

అనుభవవాది: ఉప్పు తగ్గించడం అవసరమైనవాళ్లు ఉన్నారు. వాళ్లకు పచ్చడే వద్దనడం పరిష్కారం కాదు. ఫ్రిజ్ ఉంది. సగం ఉప్పు పచ్చడి వారానికి సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పేవాళ్లు కూడా ఆ ఇరుగుపొరుగులోనే ఉన్నారు.

ప్రమాణవాది: ఆ సలహా పూర్తిగా సరైనది, ఎందుకంటే అందులో వారం అనే కొలత ఉంది. రోటి పచ్చడిని రోటి పచ్చడిలా ఆ రోజుకే, నిల్వ పచ్చడిని నిల్వ పచ్చడిలా పూర్తి కొలతతో చేస్తే వాదనే ఉండదు. చిక్కంతా రెంటికీ మధ్య పుట్టిన మూడో రకంతోనే. పుదీనా, కొత్తిమీర పచ్చళ్లలో కూడా ఇదే తికమక. రంగు పచ్చగా ఉండాలని చింతపండో నిమ్మరసమో తగ్గిస్తారు. పులుపు తగిలితే ఆకు పచ్చదనంలోని మెగ్నీషియం పోయి అది గోధుమరంగుకు తిరుగుతుందన్నది నిజమే. కానీ నిల్వ చేసే పచ్చడిలో గోధుమరంగు లోపం కాదు, పులుపు తగినంత ఉందనడానికి గుర్తు. పచ్చగా కావాలంటే పోపు వేయకుండా రుబ్బి, చిన్న గిన్నెల్లో గడ్డకట్టించి, కావలసినప్పుడు తీసి పోపు పెట్టుకోవచ్చు.

అనుభవవాది: ఇంతకీ ప్రమాణం కోరేవాళ్ల ప్రకారం ఒకరికొకరు సలహా ఎలా చెప్పుకోవాలి? కుండీ ఎన్ని లీటర్లదో, ఏ నెలలో నాటారో, ఎండ ఏ దిక్కు నుంచో, బంతి లేని కుండీని కూడా పక్కన పెట్టి చూశారో లేదో అన్నీ చెప్పాకే నోరు విప్పాలంటే, గోడ మీదుగా పుదీనా కాడ అందించేవాళ్లు ఆ కాడను కూడా అందించరు. సలహా ఒక్కటే చేతులు మారదు. దానితోపాటు విత్తనం, నారు, ఎర్ర గోంగూర కొమ్మ, నాటు టమాటా గింజలు చేతులు మారతాయి. కొన్ని రకాలు దుకాణాల్లో దొరకవు, ఇలాంటి మాటల మధ్యే బతికి ఉన్నాయి. కొలత కోసం మాటను ఆపితే విత్తనం ఆగిపోతుంది.

ప్రమాణవాది: మాటను ఆపమని ఎవరూ అనలేదు. రెండు కుండీలు పెట్టి, ఒకదాని పక్కన బంతి పెట్టి, రెండోదాని పక్కన పెట్టకుండా చూడటానికి పట్టేది ఒక్క పంటకాలం. పది ఇళ్లవాళ్లు అలా చూసి తమ కాయల లెక్క చెప్పుకుంటే చలిదేశాల జాబితాతో పని లేకుండా గోంగూరకూ దొండకూ బచ్చలికీ ఇక్కడి జాబితా తయారవుతుంది. ఇప్పుడు ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే బంతి పెట్టినవాళ్లందరూ అన్ని కుండీల పక్కనా పెట్టేశారు.

అనుభవవాది: రెండో కుండీ పక్కన పెట్టకుండా ఉండటమే కష్టం. మేలు చేస్తుందేమోనన్న మొక్కను ఒకదానికి ఇచ్చి ఒకదానికి ఇవ్వకుండా ఆపడం శాస్త్రవేత్తకు అలవాటు, తోట పెంచేవాళ్లకు కాదు. పైగా ఆ ఏడాది తెల్లదోమ విరగబడితే రెండు కుండీలూ పోతాయి, లెక్కా పోతుంది. మరుసటి ఏడాదికి ఇల్లే మారవచ్చు.

ప్రమాణవాది: అందుకే పది ఇళ్లు. అన్నిటికీ ఒకే ఏడాది తెల్లదోమ రాదు. వచ్చినా, బంతి ఉన్న కుండీ ఏమైందో లేని కుండీ ఏమైందో పది చోట్ల పక్కపక్కన కనిపిస్తాయి.

అనుభవవాది: పది ఇళ్లవాళ్లు ఒకే వారంలో ఒకే రకం టమాటా నారు తెచ్చి నాటాలి కదా. నర్సరీలో ఒకే రకం పది మొక్కలు దొరకడం కష్టం కాబట్టి ముందు ఎవరో ఒకరు గింజలు దాచి, నారు పోసి పంచాలి. ఆ పనికి ముందుకొచ్చేది మళ్లీ ఆ గోడ మీదుగా పుదీనా కాడ అందించే మనిషే.